ఎర్ర గడి లేని వల

ఆఫీసులో అతన్ని అందరూ నగిషీ అనేవారు. అసలు పేరు హాజరు చూసే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. "ఇది నగిషీకి ఇచ్చెయ్యండి, ఆయన చెయ్యి పడితే గాని లొంగదు" అనేవాళ్ళు. వెక్కిరింపుగా మొదలైన పేరు పోనుపోను గౌరవంగా స్థిరపడింది. పైకి ముసిముసిగా నవ్వి ఊరుకునేవాడు గాని లోపల పొంగిపోయేవాడు. మనిషన్నాక పొంగడూ!

అతని పని గాలికి వల అల్లడం. నవ్వకండి, నిజంగా అదే పని. ఒక గదిలో ఫ్యాన్లు పెడితే గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో, ఏ మూల ఉక్కపోస్తుందో, ఫ్యాన్లు బిగించకముందే కంప్యూటర్లో లెక్కగట్టి చెప్పే కంపెనీ అది. కంప్యూటరు ఎంత తెలివిగలదైనా గదినంతా ఒక్క గుక్కలో మింగలేదు. ముందు ఆ గదిలోని ఖాళీని లక్షల గడులుగా కోసి దాని ముందు పెట్టాలి. అప్పుడు ఈ గడి పక్క గడికి ఎంత గాలి ఇచ్చింది, ఎంత వేడి ఇచ్చింది అని ఒక్కొక్కటే కూడుకుంటూ పోతుంది. ఆ గడుల అల్లికే వల. ఆఫీసులో మెష్ అంటారు.

అల్లే సాఫ్ట్‌వేరు ఉండగా మధ్యలో మనిషెందుకు అంటారా? విశాలంగా ఉన్నచోట అది చకచకా అల్లుకుపోతుంది. ఇరుకు సందు వచ్చేసరికి మొరాయిస్తుంది. అక్కడ గడులు నలిగి, సాగి, వంకర్లు పోతాయి. అలాంటి గడిని ఎర్రగా చూపిస్తుంది. ఎర్ర గడులు మరీ ఎక్కువైతే లెక్క మధ్యలోనే చతికిలబడుతుంది. మిగతావాళ్ళు నాలుగు ఎర్ర గడులుంటే ఉన్నాయిలే అని సరిపెట్టుకునేవారు. నగిషీకి అది ససేమిరా పడదు. అతని వలలో ఒక్క ఎర్ర గడి కనిపిస్తే అన్నం సయించదు. పని పూర్తయ్యాక తెర మీద దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి పసిపిల్లను చూసినట్టు చూసుకునేవాడు.

"ఇంట్లో దుప్పటి మడతపెట్టడం చేతకాదు గాని, అక్కడ గాలికి మడతలు వేస్తారట" అని భార్య వేళాకోళమాడేది.

అతనికి ఒక్కతే అక్క. చిన్నప్పుడే తల్లి పోతే, తనూ చిన్నదే అయినా ఆ అక్కే వాడికి జ్వరం వస్తే పక్కన కూచుంది, బడికి తల దువ్వి పంపింది, పరీక్ష తప్పితే వీపు చీరేసింది. ఊళ్ళోకెల్లా పెద్ద లాండ్రీలో ఆవిడ ఇస్త్రీ పని చేస్తోంది. ఆసుపత్రుల కోట్లు, హోటళ్ళ యూనిఫారాలు మూటలు మూటలుగా వచ్చిపడే చోటు అది. తమ్ముడేం చేస్తాడని ఎవరైనా అడగడమే తరువాయి, "మావాడు గాలిని లెక్కపెడతాడు" అని మొదలుపెట్టేది. గాలిని లెక్కపెట్టడమేమిటని వాళ్ళడిగితే ఆవిడకీ తెలియదు. తెలియకపోతేనేం, గర్వానికి తెలియడంతో పనేముంది?

అలాంటిది ఆ లాండ్రీయే ఒకరోజు అతని కంపెనీ గుమ్మం ఎక్కింది. ఇస్త్రీ హాలులో ఉక్క భరించలేకుండా ఉంది, ఫ్యాన్లు ఎక్కడ పెట్టాలో చెప్పండి అని. పని నగిషీ బల్ల మీదకే వచ్చింది.

కొలతలకని వెళ్ళినప్పుడు అక్క వాణ్ణి హాలంతా ఊరేగించింది. పొడవాటి హాలు, వరసగా ఇస్త్రీ బల్లలు. ఒక పక్క కిటికీలు, రెండో పక్క రేకు గోడ. ఆ రేకు గోడకి అవతల బట్టలు ఆరబెట్టే పెద్ద పెద్ద యంత్రాలు భగభగమంటుంటాయి. ఆరిన బట్టలు ఒక బెల్టు మీద గోడ వెంబడే సాగుతూ ఇవతలికి వస్తాయి. బెల్టుకీ గోడ అంచుకీ మధ్య, గోడ పొడుగునా, అవతలి గదిలోకి తెరుచుకుని వేలు దూరేంత సందు. ఆ గోడకి ఆనుకున్నట్టే అక్క బల్ల, దాని పక్కన గొణుగుడు పిన్ని బల్ల. పిన్ని అక్కకంటే పెద్దది. అన్నిటికీ గొణుగుతుందని ఆ పేరు పెట్టారు. నిజానికి గొణగదు, గట్టిగానే అంటుంది.

"నువ్వేనా గాలిని లెక్కపెట్టే తమ్ముడివి? నా బల్ల దగ్గర బాగా లెక్కపెట్టు నాయనా, ఇక్కడికి వచ్చేసరికి దానికి తోవ తెలియడం లేదు" అంది పిన్ని.

అందరూ నవ్వారు. నగిషీ కూడా నవ్వి, అన్నీ శ్రద్ధగా కొలిచాడు. సందు కూడా కొలిచాడు. అదీ చెప్పాలి, కొలవలేదనడానికి వీల్లేదు.

తీరా వల అల్లడానికి కూచుంటే ఆ సందే ప్రాణం తీసింది. హాలంతా ముత్యాల్లా గడులు కుదిరాయి. సందులో మాత్రం ఎర్రటి చార. గడుల్ని చిన్నవి చేశాడు, అయినా ఎర్రగానే ఉంది. గోడ పక్క గడుల వరసలు తగ్గించాడు, ఒకచోట పోయి ఇంకోచోట తేలింది. పెద్దాయన, అంటే కంపెనీ యజమాని, మధ్యమధ్య వచ్చి భుజం మీదుగా తొంగిచూసి, "ఏం నగిషీ, నీకూ కొరకరాని కొయ్య దొరికిందా?" అన్నాడు. తమాషాకే అన్నాడు. కాని అది వీడికి ఎక్కడో తగిలింది.

సాఫ్ట్‌వేరులో ఒక మీట ఉంది. ఫలానా వెడల్పు కంటే చిన్న ఖాళీలుంటే వాటిని గోడలో కలిపేస్తుంది. స్క్రూల సందులూ, తలుపు కీలూ లాంటి అక్కర్లేని చిల్లరకి అది వరమే. నగిషీ ఆ వెడల్పుని కాస్త పెంచి మీట నొక్కాడు. ఎర్ర చార మాయమైంది. గోడ నున్నగా, అద్దంలా వచ్చింది. ఇంత పెద్ద హాలుకి వేలెడు సందు ఒక లెక్కా అనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు కూడా. చెప్పాలంటే తన చేతకాక మూసేశానని చెప్పాలి కదా! అక్కడుంది అసలు సంగతి.

లెక్క సాఫీగా నడిచింది. హాలు చివర ఫ్యాన్లు గాలిని బయటికి లాగితే, కిటికీల్లోంచి చల్లగాలి వచ్చి బల్లల మీదుగా పారుతుందని తేలింది. బొమ్మలో హాలంతా నీలం. వేడి ఉన్నచోట ఎరుపు, చల్లగా ఉన్నచోట నీలం అన్నమాట. ఇస్త్రీ వాళ్ళందరినీ కూచోబెట్టి బొమ్మ చూపించిన రోజున అక్క ముందు వరసలో కూచుంది. పక్కావిణ్ణి మోచేత్తో పొడిచి మరీ "చూశావా, చూశావా" అంది. సూపర్‌వైజరు ఆ బొమ్మని పెద్దగా అచ్చు వేయించి హాలు గోడకి తగిలించాడు. కొత్త ఫ్యాన్లు బిగించారు. బల్లల దగ్గరున్న పాత ఫ్యాన్లు ఇక దండగని పీకేశారు.

ఎండలు ముదిరాయి. మొదట నోరు తెరిచింది పిన్నే.

"కొత్త ఫ్యాన్లొచ్చాక వీపు మరీ మండిపోతోందయ్యా. పాతవే నయం" అంది సూపర్‌వైజరుతో.

ఆయన ఆవిణ్ణి బొమ్మ దగ్గరికి తీసుకెళ్ళి వేలు పెట్టి చూపించాడు. "ఇదిగో, ఇది నీ బల్ల. ఏం రంగుంది?"

"నీలం."

"నీలమంటే?"

"చల్లగా ఉందని."

"మరి?"

మరి అంటే పిన్ని ఏం చెబుతుంది! నీలం నీలమే. హాలంతా కిసుక్కుమంది. తిరిగొచ్చి బల్ల దగ్గర నిలబడి మళ్ళీ గొణిగితే, ఈసారి అందుకున్నది అక్క.

"మా తమ్ముడు లక్షల గడులు లెక్కగట్టి చెప్పాడు పిన్నీ. వాడికి తెలియనిది నీకు తెలుసా? పని తప్పించుకోవడానికి ఈ దొంగ ఏడుపులెందుకు?"

పిన్ని ఆ రోజు నుంచి అక్క పక్కన కూచుని తినడం మానేసింది. మిగతావాళ్ళు కూడా పిన్నికి ఎంత ఉక్కపోసినా నీలం, నీలం అని ఆటపట్టించేవారు.

ఇవేవీ నగిషీకి తెలియవు. ఒక సెలవురోజు పొద్దున అక్క ఇంటికి వచ్చింది. మనిషి చిక్కిపోయి ఉంది. మరదలు ఇచ్చిన మంచినీళ్ళు గడగడా తాగేసి, గ్లాసు కింద పెట్టి అంది:

"పని మానేస్తాన్రా. రేపు సూపర్‌వైజరుకి చెప్పేస్తాను."

"అదేంటక్కా! ఏమైంది?"

"నా ఒంట్లో ఏదో తేడా చేసింది. కళ్ళు తిరుగుతున్నాయి. వీపంతా మంటలు. డాక్టరుకి చూపించుకున్నాను, రక్తం తీశారు, ఏదేదో తీశారు. ఏమీ లేదంటారు. ఏమీ లేకపోతే ఇదెందుకొస్తుంది చెప్పు? బొమ్మలో అంత చక్కగా నీలంగా ఉన్నచోట నిలబడి కూడా నాకు చెమటలు ధారగా కారుతున్నాయంటే, లోపల ఏదో పెద్ద రోగమే అయ్యుంటుంది. పైగా ఆ పిన్నిని నానా మాటలూ అన్నాను. ఇప్పుడు నాకూ ఉక్కగా ఉందంటే నవ్విపోరూ?"

నగిషీకి ఆ హాలు కళ్ళ ముందు మెదిలింది. గోడ పొడుగునా వేలెడు సందు. ఆ గోడకి వీపు పెట్టి అక్క. ఇంకేం వినబడలేదు. ఆఫీసులో పనుందని చెప్పి చొక్కా తొడుక్కుని, అక్క భోంచేసి వెళుతుందో లేదో కూడా అడగకుండా బయటపడ్డాడు.

సెలవైనా పెద్దాయన ఆఫీసులోనే ఉంటాడు. నగిషీ తన బల్ల ముందు కూచుని పాత వల తెరిచాడు. గోడ నున్నగా మెరిసిపోతోంది. ఇంత అందంగా అల్లిందెవడ్రా అన్నట్టుంది. సందు తెరిచి మళ్ళీ అల్లాడు. ఎర్ర గడులు వచ్చాయి. రానీ అనుకున్నాడు. లెక్క ఆగుతూ సాగుతూ నడిచి బొమ్మ వచ్చింది. ఫ్యాన్లు గాలిని లాగుతున్నాయి, నిజమే. కాని కిటికీల వైపు నుంచి లాగేది కొంచెమే. మిగతాదంతా గోడ అవతలి యంత్రాల వేడి. సందులోంచి చీల్చుకుని నేరుగా అక్క వీపు మీదికి, పిన్ని వీపు మీదికి. ఈ కొత్త ఫ్యాన్లు లేనప్పుడు అవతలే పడి ఉండే వేడిని తానే పిలిచి తెచ్చి వాళ్ళ మీద పోశాడు.

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గదిలో ఎవరూ లేరు, అయినా తెర మీది బొమ్మని ఎవరో చూస్తారన్నట్టు గబుక్కున చిన్నది చేశాడు. మీట నొక్కేటప్పుడు తెలియకనా? సందు సందే అని తెలుసు, గాలి దూరుతుందనీ తెలుసు. నా వలలో ఎర్ర గడి ఉండకూడదనుకున్నాను, అంతే. అదీ తన నిజం. దాన్ని ఎటు తిప్పి చూసినా అంతకంటే మంచిగా కనబడలేదు.

పెద్దాయనకి చెప్పాడు. ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"సరేలే, అందరూ చేసేదే. సందుకి రబ్బరు పట్టీ కొట్టిద్దాం, ఫ్యాన్లు ఇటు తిప్పిద్దాం. మన దగ్గరికి కొత్త కంప్యూటర్లొచ్చాయి కాబట్టి సవరించామని చెబుదాం. ఎవరి పరువూ పోదు. నువ్వేం నోరు విప్పకు."

నగిషీకి ఎంత హాయిగా అనిపించిందంటే, ఆ హాయికే మళ్ళీ సిగ్గేసింది. సరేనన్నాడు. బయటికొచ్చి అక్కకి ఫోన్ చేశాడు.

"అక్కా, రేపే చెప్పెయ్యకు. కొన్నాళ్ళు ఆగు. ఫ్యాన్లకి చిన్న సవరణ చేయిస్తున్నాం."

"ఎందుకురా?"

"ఊరికే. ఇంకాస్త బాగుంటుందని."

అక్క గొంతు మెత్తబడింది. "నా కోసం మారుస్తున్నావు కదూ? వద్దురా చిన్నోడా. తమ్ముడున్నాడని నా బల్లకి గాలి తిప్పించుకున్నానంటారు. నీ పేరు పాడవుతుంది. రోగం నాది, గదిది కాదు. రేపు చెప్పేసి పెద్ద డాక్టరు దగ్గరికి వెళతాను. నువ్వు మాత్రం నీ లెక్క మార్చకు."

అక్క ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు దాన్ని చెవి దగ్గరే పట్టుకున్నాడు. తన పేరు పాడవకుండా అక్క కాపాడుతోందట! రేపు మంచి పని కాస్తా వదులుకుంటుంది. లేని రోగం కోసం ఆసుపత్రుల చుట్టూ తిరుగుతుంది. రబ్బరు పట్టీ పడ్డాక హాలు చల్లబడుతుంది. అక్క మాత్రం తన ఒంటిని ఎప్పటికీ నమ్మదు. పిన్ని దొంగ ఏడుపుల మనిషిగానే మిగిలిపోతుంది. ఇంటికి పోయి భార్యతో మాట్లాడలేదు, అద్దంలో మొహం చూసుకోలేదు.

మర్నాడు పని మొదలయ్యేసరికి లాండ్రీలో ఉన్నాడు. అక్క అప్పటికే సూపర్‌వైజరు ఎదుట చేతులు కట్టుకుని నిలబడి ఉంది. నగిషీ గబగబా వెళ్ళి అడ్డం పడ్డాడు.

"సార్, ఒక్క మాట. అందరూ వింటే మంచిది."

ఇస్త్రీపెట్టెలు ఆగాయి. తమ్ముణ్ణి చూసి అక్క మొహం విప్పారింది. నగిషీ గొంతు సవరించుకున్నాడు. దారంతా మాటలు కూడబెట్టుకున్నాడు గాని, తీరా నలుగురి మొహాలు చూసేసరికి ఆఫీసు భాష నోటికొచ్చింది.

"అంటే, మన నమూనాలో ఈ గోడ దగ్గర ఒక చిన్న ఖాళీ సరిగా రాలేదు. దాన్ని తీసుకుని మళ్ళీ లెక్కగడితే, ఈ బల్లల దగ్గర వేడి కొంత ఎక్కువగా ఉన్నట్టు కనబడుతోంది."

"అంటే ఇక్కడ వేడిగా ఉందంటారా?" అన్నాడు సూపర్‌వైజరు.

"ఉంది."

అక్క ఒక్క ఉదుటున ముందుకొచ్చింది. "అయితే నాకేం రోగం లేదా?" వాడి చెయ్యి పట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు, మొహంలో వెలుగు. "ఎన్నాళ్ళనుంచి చచ్చిపోతున్నానో! చూశారర్రా, డాక్టర్లకి కూడా దొరకనిది మావాడు కనిపెట్టాడు. గాలిని లెక్కపెడతాడని చెప్పానా లేదా?"

పిన్ని తన బల్ల దగ్గరే నిలబడి నగిషీ వంక చూసింది. అంతటి గొణుగుడు పిన్నీ ఒక్క మాట అనలేదు.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఫ్యాన్లు తిరుగుతాయి, అక్క పని నిలుస్తుంది, తమ్ముడు మరో మెట్టు ఎక్కుతాడు. నగిషీ పిన్ని వంక చూసి, అక్క వైపు తిరిగాడు.

"నేను కనిపెట్టలేదక్కా. పిన్నిగారు మొదట్లోనే చెప్పారు. ఆ సందు నాకు ముందే తెలుసు. కొలిచాను కూడా. నేనే మూసేశాను."

"మూసేశావా? ఎక్కడ? సందు ఇక్కడే ఉందిగా."

"కంప్యూటర్లో. అది ఉంటే నా వల వికారంగా వస్తోంది. బాగుండాలని మూసేశాను."

"బాగుండాలనా?" అంది అక్క. ఇంకా వాడి చెయ్యి వదల్లేదు. "ఎవరికి?"

"బొమ్మకి" అన్నాడు. చెప్పడానికి అంతకంటే ఏమీ దొరకలేదు.

అక్క చెయ్యి వదిలేసింది. కొట్టలేదు, తిట్టలేదు. చిన్నప్పుడు పరీక్ష తప్పితే వీపు చీరేసిన మనిషి, ఇప్పుడు వాడి మొహంలోకి కూడా చూడలేదు. నెమ్మదిగా నడిచి పిన్ని బల్ల దగ్గరికి వెళ్ళింది.

"నీ ఒంటిమీద చెమట నా కళ్ళకి కనబడుతూనే ఉంది పిన్నీ. నా ఒంటిమీదా కారుతోంది. అయినా నిన్ను దొంగవన్నాను" అంది.

పిన్ని భుజం మీది తువ్వాలు తీసి అక్క చేతికిచ్చింది. "పోనీలే తల్లీ. నాకూ అలాంటి తమ్ముడుంటే, నా ఒంటికంటే వాణ్ణే నమ్మేదాన్నేమో" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నగిషీ తట్టుకునేవాడే.

తువ్వాల్లో మొహం దాచుకుని అక్క ఏడ్చింది. తల్లి పోయిన రోజున కూడా వాడి ముందు ఏడవని మనిషి. సూపర్‌వైజరు, ఎవరి పని వాళ్ళు చూసుకోండన్నాడు. ఇస్త్రీపెట్టెలు మళ్ళీ కదిలాయి. అక్క తన బల్ల దగ్గరికొచ్చి ఒక కోటు పరిచి, మడతలు సరిచేసుకుంటూ పని మొదలుపెట్టింది. నగిషీ రేకు గోడకి ఆనుకుని అక్కడే నిలబడిపోయాడు. సందులోంచి వేడిగాలి వీపుకి కొడుతోంది. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. ఎండలో నిలబడితే నీడకి రమ్మని చెయ్యి పట్టి లాగే అక్క, ఇప్పుడు పక్కకి జరగమని కూడా అనలేదు.